సున్నాకు పూచీ

తలుపు మూసిన 3వ రోజు

పై తలుపు మూసి మూడు రోజులైంది. ఇంకో నూట పదిహేడు రోజులు లోపలూరు వాళ్ళం లోపలే. పైన ఎండ యాభై రెండు డిగ్రీలు, ఇక్కడ పాత నాపరాయి గనిలో ముప్పై. మూత కాలమంతా ఎవరో ఒకరు రోజువారీ పుస్తకం రాయాలని మా ఊరి ఆనవాయితీ. ఈ ఏడు వంతు నాది. పోయినేటి పుస్తకం తిరగేశాను. రాసినాయన నూట ఇరవై రోజులూ తన మోకాలి నొప్పి గురించే రాశాడు. నాకూ మోకాళ్ళు రెండున్నాయి, వాటిని ఇందులోకి రానివ్వను.

నా పేరు మద్దిలేటమ్మ. డెబ్బై నాలుగేళ్ళు. నలభై ఏళ్ళు ఈ ఊరి బడిలో ఫిజిక్సు చెప్పాను గనక పెద్దవాళ్ళకు టీచరమ్మను, చిన్నవాళ్ళకు టీచరవ్వను. చెవులు సగం పోయాయి. నాలుక మాత్రం పూర్తిగా ఉంది.

పొద్దున రాతి చెమట తుడిచాను. గోడలకు పట్టిన తేమను గుడ్డతో అద్ది, బకెట్లోకి పిండి, ఊరి తొట్టిలో పోయాలి. ఇంటికి రోజూ రెండు లీటర్లు తప్పనిసరి. మా ఆయన ఓబులేసు ఒక గోడ తుడిచి గుడ్డ నా చేతిలో పెట్టి వాకింగుకు పోయాడు. ఆయన వాకింగు ఎప్పుడూ వంటశాల వైపే. అక్కడ ఒక చుట్టు తిరిగి, వాసన చూసి, ఏదో ఘనకార్యం చేసినవాడిలా తిరిగొస్తాడు.

తలుపు మూసిన 8వ రోజు

భోజనశాల గోడకున్న నల్లపలక మీద ఈ రోజు తొంభై మూడు మాటలు. పుట్టగొడుగుల గదిలో తడి ఎక్కువైందని ఒకరు, కాలేదని ఒకరు. పడమటి వరస ఇళ్ళలో ఎవరో హార్మోనియం నేర్చుకుంటున్నారు, దయచేసి మానమని పదకొండు మంది. ఇంట్లో చిన్న పలక మీద ఏది రాసినా అక్కడ పడుతుంది. పేరు మాత్రం పడదు. పేరుకు బదులు మూలన రెండు అంకెలు ఉంటాయి: ఆ చెయ్యి ఇంతకుముందు రాసినవాటిలో నిజమని తేలినవెన్ని, తప్పని తేలినవెన్ని. అంకె మీద వేలు పెడితే ఆ చేతి పాత మాటలన్నీ వరసగా వస్తాయి. వేలు పెట్టే ఓపిక ఎవరికీ లేదు. అంకె చూసి తలూపుతారు.

మొదట్లో పేర్లుండేవి. పంపు మనిషి తమ వరసకు నీళ్ళు తగ్గించి వదులుతున్నాడని ఒకావిడ పేరుతో సహా రాసింది. మర్నాటి నుంచి ఆమె ఇంటికి నీళ్ళు అందరికన్నా ఆఖర్న వచ్చాయి. తర్వాత ఆమె ఏమీ రాయలేదు. ఆ వేసవి తొట్టి నీళ్ళు చెడిపోతున్నాయని ఆమెకు అందరికన్నా ముందు తెలుసు. అప్పుడూ రాయలేదు. పిల్లలు జబ్బు పడ్డాక పేర్లు తీసేశాం. ఇప్పుడు మా ఊళ్ళో ఒకరి 'చేతిని బయటపెట్టడం' వాళ్ళ పళ్ళెంలో ఉమ్మడంతో సమానం. ఊరి సంగతులు నోటితో ఎత్తడమూ అమర్యాదే. మొహం చూస్తే మొహమాటం అడ్డొస్తుందని, ఏదున్నా పలక మీదే. ఎదురుపడితే ఎండ గురించి, పిల్లల గురించి, అజీర్తి గురించి మాట్లాడుకుంటాం.

నేను రోజుకు పదిసార్లకు తక్కువ రాయను. నా చేతిని ఇంతవరకూ ఎవరూ బయటపెట్టలేదు. కామాలు సరైన చోట పెట్టేది ఊళ్ళో నేనొక్కతెనే గనక ఆ అవసరం రాలేదు.

తలుపు మూసిన 14వ రోజు

ఈ పొద్దు పలక మీద ఒక కొత్త చెయ్యి రాసింది. నిజం 0, తప్పు 0. ఉన్నదున్నట్టు ఎక్కించుకుంటున్నాను:

"బడిగది పైకప్పులో ఉత్తరం నుంచి నాలుగో బండ. నల్ల చార దగ్గర గడతో తడితే మోత మారింది. మునుపు గంటలా పలికేది, ఇప్పుడు ఓటి కుండలా పలుకుతోంది. కొత్త చలువ గొట్టం వేసినప్పటి నుంచే ఇది. ఐదు రోజులు తట్టాను. మూడు రోజులు వినిపించింది, రెండు రోజులు లేదు. నేను పొరబడి ఉండవచ్చు. తెలిసినవాళ్ళు తట్టి చూడండి. గొట్టం రెండు గంటలు నడిచాక, మధ్యాహ్నం తట్టాలి. పొద్దున తడితే వినిపించదు."

బడిగదిలో డెబ్బై మంది పిల్లలు కూర్చుంటారు.

నేను మూడుసార్లు చదివాను. 'రెండు రోజులు లేదు' అన్న చోట ఆగిపోయాను. తనకు వ్యతిరేకంగా ఉన్నదాన్ని కూడా లాబ్ రికార్డులో రాసే పిల్లలు నలభై ఏళ్ళలో నాకు నలుగురు దొరికారు. మిగతావాళ్ళంతా జవాబు ముందు రాసుకుని ప్రయోగం తర్వాత చేసేవాళ్ళు.

తలుపు మూసిన 15వ రోజు

పొద్దున పదింటికి జవాబు పడింది. నిజం 212, తప్పు 1. ఊళ్ళో అంత పెద్ద అంకె ఇంకో చేతికి లేదు.

"నాలుగో బండను నేను స్వయంగా తట్టి చూశాను. గట్టిగా ఉంది. తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండవచ్చు."

భోజనశాలలో అందరి మొహాలూ తేటపడ్డాయి. బడి టీచరు సుగుణ నా శిష్యురాలే. నా పక్కన కూర్చుని, "ఈ పొద్దు ఎండ తగ్గినట్టుంది గదమ్మా," అంది. పైన యాభై మూడు. అంటే భయం తగ్గిందని.

తలుపు మూసిన 17వ రోజు

నాకు పనేమీ లేదు గనక 212 అంకె మీద వేలు పెట్టాను. రెండు వందల పదమూడు మాటలూ చదివాను. మధ్యాహ్నం దాకా పట్టింది.

'రేపు కూడా ఎండ కాస్తుంది', ఎనభై ఎనిమిది సార్లు. 'ఈ పూట కొర్రన్నం', డెబ్బై ఒకటి. 'ఆదివారానికి తొట్టి సగానికి వస్తుంది', నలభై. మిగతా పదమూడూ పెళ్ళిళ్ళు, పురుళ్ళు. ఆ ఒక్క తప్పూ ఎప్పటిదంటే, కొర్రన్నం అన్న రోజు వంటశాలవాళ్ళు మనసు మార్చుకుని సంకటి కెలికారు.

ఇందులో అబద్ధం ఒక్కటి లేదు. అదే వచ్చిన చిక్కు. పొద్దున వంటశాల వైపు వాకింగుకు పోయే మనిషెవరైనా ఏడాదిలో ఇంత మహానుభావుడు కావచ్చు. అంతకు మించి ఇక్కడ ఏమీ రాయను. చేతిని బయటపెట్టడం పుస్తకంలో అయినా తప్పే.

సాయంత్రం ఖాజాబీ కనిపించింది. నా దగ్గర చదువుకున్న పిల్ల, ఈ ఏడు ఊరి పెద్ద. కొర్రలు చెరుగుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. ఊరి సంగతి నోటితో ఎత్తకూడదు గనక ఇద్దరం ఇట్లా మాట్లాడుకున్నాం.

"నాకు తెలిసినామె ఒకామె ఉంది ఖాజా," అన్నాను. "ఆమెకు ఒక బండ మీద అనుమానం."

"నాకూ తెలిసినామె ఒకామె ఉండాది టీచరమ్మా. ఈ ఏడు పెద్దరికం ఆమె నెత్తిన పడింది. ఆ బండ చూడాలంటే గొట్టం ఆపల్ల, దానికి పూసిన చలువ సున్నం గీకల్ల, డెబ్బై మంది పిల్లోళ్ళను పై వరస ఉడుకులో కూచోబెట్టల్ల. సున్నా చేతి మాట పట్టుకోని అంత పని ఎట్ల చేస్తాది పాపం? తల్లులు ఆమెను నమిలేస్తారు."

"మరి ఆమెకు ఏం కావాల?"

"ఒక పేరు. ఎవురన్నా పూచీ పడితే మర్నాడే గీకిస్తాది." చేటలోంచి నాలుగు కొర్రలు తీసి నోట్లో వేసుకుంది. "ఆమె మాత్రం ఎవుర్నీ అడగదు."

పూచీ అంటే, పేరు లేని మాట కింద మనం మన పేరు పెట్టడం. పలక మీద పేరు కనిపించేది ఆ ఒక్క సందర్భంలోనే. మాట నిజమైతే పూచీ పడినవాళ్ళకు ఏమీ రాదు. తప్పైతే మూగ ఏడు. ఏడాదిపాటు వాళ్ళ పలక మీద అక్షరం నిలవదు. పద్నాలుగేళ్ళుగా ఎవరూ పూచీ పడలేదు.

తలుపు మూసిన 18వ రోజు

పడ్డాను.

పొద్దున ఆరింటికి ఆ సున్నా మాట కింద 'మద్దిలేటమ్మ' అని పెట్టాను. ఎనిమిదింటికి భోజనశాలకు పోతే అందరూ తల తిప్పి చూశారు. సగం మంది మొహాల్లో భయం, మిగతా సగంలో ఆశ. ఏడాదిపాటు నేను రాయకుండా ఉంటే ఎట్లా ఉంటుందో వాళ్ళు ఊహించుకుంటున్నారు.

ఇంటికి రాగానే మా ఆయన పట్టుకున్నాడు. ఊరి సంగతి గనక తలుపు వేసి, గొంతు తగ్గించి, "నీకేమన్నా మతి పోయిందామే? ఎవురో తెల్దు, ఎట్లాంటోడో తెల్దు, మొన్న నోరు తెరిసినోడు. వానికి నువ్వు పూచీనా?" అన్నాడు.

"వాడో, ఆమెనో. ఎవరైతే నాకేం? రాసింది చదివినా, చాలు. యాడ తట్టల్లో చెప్పినారు, ఎప్పుడు తట్టల్లో చెప్పినారు, తప్పని ఎట్ల తేల్చల్లో కూడా వాళ్ళే చెప్పినారు. అబద్ధమాడేవాళ్ళు అంత ఉపకారం చెయ్యరు."

"రెండువందల పన్నెండు నిజాలు చెప్పినోడు గట్టిగుందంటాండాడు గదా."

"వాటిలో డెబ్బై ఒకటి కొర్రన్నం."

ఆయన మొహం చిన్నబోయింది. "కొర్రన్నమైతే మాత్రం? నిజం నిజమే గదా," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు, పొద్దున తొమ్మిదింటికి.

"నువ్వెందుకయ్యా అంత బాధపడతావు?"

"నాకేం బాధ," అన్నాడు గోడతో.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఈ గనిలోనే బండలు తట్టేవాడు. మోత విని ఏ రాయి నిలుస్తుందో, ఏది దిగుతుందో చెప్పేవాడు. ఇప్పుడు ఆ పని దస్తగిరి చేస్తున్నాడు.

తలుపు మూసిన 21వ రోజు

మొన్న గొట్టం ఆపారు. నిన్నంతా సున్నం గీకారు. పిల్లలు పై వరసలో ముప్పై ఎనిమిది డిగ్రీల్లో ఎక్కాలు చదివారు. తల్లులు నన్ను చూసి ఎండ బాగా ముదిరిందన్నారు.

ఈ పొద్దున దస్తగిరి నిచ్చెనెక్కి నాలుగో బండను ఈ కొస నుంచి ఆ కొసకు తట్టాడు. ఊరంతా గుమ్మంలో నిలబడి విన్నది. గంటలా పలికిందట. నాకు వినిపించదు, చెప్పారు.

మధ్యాహ్నానికి పలక మీద తీర్పు పడింది. కొత్త చెయ్యి: నిజం 0, తప్పు 1. దాని కింద నా పేరు బూడిద రంగులోకి మారింది.

తలుపు మూసిన 23వ రోజు

మూగ ఏడులో మూడో రోజు. పలక మీద 'అ' రాస్తే అది రెండు క్షణాలు నిలబడి, నమస్కారం పెట్టినట్టు వంగి మాయమవుతుంది. మర్యాదగానే మాయమవుతుంది. పొద్దున ఒకరు తొట్టి నీళ్ళు మరిగించే గంటల లెక్క పూర్తిగా తప్పు రాశారు. నేను చూస్తూ కూర్చున్నాను. భోజనశాలలో ఒకాయన నా దగ్గరికొచ్చి, "టీచరమ్మా, మీ ఆరోగ్యం బాగుండాదా?" అని అడిగాడు. అంత సంతోషంగా నా ఆరోగ్యం గురించి ఎవరూ అడగలేదు.

నా నోరు మూతపడినందుకు నాకు మరీ అంత దిగులు లేదు. ఆ చెయ్యి మళ్ళీ రాయలేదు. అదీ నా దిగులు. మొదటిసారి రాశారు, తప్పని ముద్ర పడింది. పంపు గురించి రాసిన ఆవిడలా ఈ మనిషి కూడా ఇక ఏది తెలిసినా రాయరు. పిల్లలు మళ్ళీ బడిగదిలోనే కూర్చున్నారు. గొట్టం మళ్ళీ నడుస్తోంది.

తలుపు మూసిన 24వ రోజు

ఈ పుస్తకంలో వెనక్కి తిప్పి, 14వ రోజు ఎక్కించుకున్నది చదివాను. ఆఖరి రెండు వాక్యాలు మళ్ళీ చదివాను.

'గొట్టం రెండు గంటలు నడిచాక, మధ్యాహ్నం తట్టాలి. పొద్దున తడితే వినిపించదు.'

నేను ఇది ముందే చదివాను. వాళ్ళూ చదివే ఉంటారనుకున్నాను. నలభై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని, ప్రశ్నలో చివరి వాక్యం ఎవరూ చదవరని నాకు తెలియదా? గొట్టం ఒకటిన్నర రోజు ఆపి, రాయి వెచ్చబడ్డాక, అది కూడా పొద్దున తట్టారు. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. చల్లని గొట్టం ఆనుకున్న పొర బిగుసుకుంటే పక్క పొర నుంచి వెంట్రుకవాసి విడుతుంది. గొట్టం ఆపితే మళ్ళీ అతుక్కున్నట్టే ఉంటుంది. దీన్ని నేనే ఎనిమిదో తరగతిలో చెప్పాను.

మా ఆయన అన్నం తింటున్నాడు. పుస్తకం ముందు పెట్టి, "ఈ వాక్యం చదువు," అన్నాను.

చదివాడు. ముద్ద చేతిలోనే ఆగింది. "మధ్యాన్నమా?" అన్నాడు. "మరి నేను పొద్దున…"



నా వినికిడి మర తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాను. "ఏమన్నావు? ఈ మర మధ్యమధ్యలో పోతాంది," అన్నాను.

"ఏం లే," అన్నాడు. ముద్ద పళ్ళెంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు.

పలక మీద నువ్వు రాయి అని అడగలేకపోయాను. ఆ చేత్తో ఆయన ఏం రాసినా, తన మాటను తానే తప్పనాలి.

తలుపు మూసిన 25వ రోజు

మధ్యాహ్నం పన్నెండున్నరకు, మూడు వందల మంది తింటుండగా, భోజనశాలలో బల్ల ఎక్కాను. ఎక్కడానికి ఇద్దరు సాయం పట్టారు, ఎందుకో తెలియక.

"ఊరి సంగతి నోటితో చెప్తాన్నా," అన్నాను. "వినలేనోళ్ళు చెవులు మూసుకోండి."

నిజంగానే మూసుకున్నారు. ఒక తల్లి తన బిడ్డ చెవులు కూడా మూసింది. మిగతావాళ్ళు పళ్ళేల్లోకి చూస్తున్నారు. నేను బట్టలిప్పుకుని నిలబడినా అంత సిగ్గుపడేవాళ్ళు కాదేమో.

ఖాజాబీ పరుగెత్తుకొచ్చింది. "టీచరమ్మా, దిగండమ్మా. ఏం బాగుంటాది చెప్పండి?"

"బాగుండదు ఖాజా. బండ పడితే అదీ బాగుండదు. పొద్దున తడితే వినపడదని రాసిన మనిషికి, పొద్దున తట్టి, వినపడలేదని తప్పు వేసినారు. దీన్ని పరీక్ష అంటారా? మా బడిలో అయితే పెట్టినోళ్ళకు సున్నా వేస్తా."

దస్తగిరి లేచాడు. నోటితో జవాబు చెప్పాల్సి వచ్చినందుకు చెమట పట్టింది వాడికి. "గొట్టం ఆపకుంటే సున్నం గీకేదెట్లమ్మా?"

"సున్నం ఇప్పుడు లేదు గదా నాయనా. గీకొద్దు, తట్టు. గొట్టం రోజూ మాదిరే పదిన్నర నుంచి నడస్తాంది. ఇప్పుడు తట్టు."

"అది మీ మాట. రెండువందల పన్నెండు చెయ్యి గట్టిగుందని…"

"ఆ చెయ్యి నాది."

మా ఆయన. మూడో బల్ల దగ్గర పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. చెవులు మూసుకున్నవాళ్ళు కూడా చేతులు దించారు. మా ఊళ్ళో ఎవరూ తన చేతిని తానే బయటపెట్టుకోవడం ఇంతవరకూ జరగలేదు. బయటపడిన చేతికి పాత అంకెలు చెల్లవు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

"నేను తట్టింది పొద్దున," అన్నాడు. "వాకింగుకు పోయినప్పుడు. గంట మాదిరే పలికింది, అబద్ధం రాయలా. మధ్యాన్నం తట్టల్లని రాసింది నేను సదవలా. అంకె సున్నా ఉండె, మిగతాది ఏం సదువుతాంలే అనుకున్నా." పళ్ళెం కింద పెట్టాడు. "దస్తగిరీ, గడ ఇయ్యి. నేను తడతా."

సుగుణ ఇంకా అన్నానికి రాని పిల్లలను బడిగదిలోంచి బయటికి తెచ్చింది. మా ఆయన నిచ్చెనెక్కాడు, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. నలుగురు నిచ్చెన పట్టుకున్నారు, నేను మాత్రం కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఒకటో బండ, రెండోది, మూడోది అయిపోయాయి. నాలుగోదాన్ని నల్ల చార దగ్గర తట్టాడు.

నాకు మోత వినిపించలేదు. దస్తగిరి మొహం కనిపించింది. నోరు తెరిచి, నెమ్మదిగా పైకి చూసి, గుమ్మంలోంచి తొంగి చూస్తున్న ఒక పిల్లను చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. మిగతా పిల్లలంతా అప్పటికే గుమ్మానికి ఇరవై అడుగుల దూరంలో ఉన్నారు.

తలుపు మూసిన 31వ రోజు

బడి భోజనశాలలో నడుస్తోంది. సంకటి కెలికే చప్పుడులో తొమ్మిదో ఎక్కం చెప్పించడం ఎంత కష్టమో సుగుణ మొహం చూస్తే తెలుస్తోంది. బడిగది పైకప్పుకు ఆసరాగా దిమ్మెలు నిలబెట్టడానికి దస్తగిరి మనుషులు కొలతలు తీసుకుంటున్నారు.

ఈ రోజు మధ్యాహ్నం వాళ్ళు అన్నానికి వచ్చినప్పుడు నాలుగో బండ కింది పొర దిగింది. నాలాంటి చెవిటిదానికే వినిపించింది.

పోయి చూశాను. ఇద్దరు పడుకునే మంచమంత పొర, జానెడు మందం. మూడో వరస బెంచీలు లేవు. వాటి స్థానంలో రాయి ఉంది. మూడో వరసలో ఆరుగురు కూర్చునేవాళ్ళు. సుగుణ హాజరు పుస్తకం తెచ్చి వాళ్ళ పేర్లు చదవబోతే వద్దన్నాను. ఆ ఆరుగురూ భోజనశాలలో తొమ్మిదో ఎక్కం తప్పు చెబుతున్నారు. ఎంత తప్పు చెప్పినా ఈ రోజు దిద్దవద్దని చెప్పాను.

తలుపు మూసిన 33వ రోజు

తీర్పు తిప్పారు. ఆ చేతికి ఇప్పుడు నిజం 1, తప్పు 0. నా మూగ ఏడు పన్నెండు రోజులకే అయిపోయింది. పలక ముందు కూర్చుని ఈ పన్నెండు రోజుల్లో ఊళ్ళో దొర్లిన తప్పులన్నీ దిద్దుకుంటూ వచ్చాను. నలభై ఒకటి. ఖాజాబీ ఎదురుపడి, "ఎండ మళ్ళీ మొదలయింది టీచరమ్మా," అంది, నవ్వు ఆపుకుంటూ.

ఇకమీద పూచీ మాటను పరీక్షించే ముందు, దాన్ని ఆఖరి అక్షరం దాకా ఇద్దరు పైకి చదవాలని కొత్త నియమం. నోటితోనే చదవాలి.

మా ఆయనకు కొత్త చెయ్యి ఇచ్చారు. నిజం 0, తప్పు 0. పొద్దున్నుంచి పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం రాయాలో తోచలేదా?" అన్నాను.

"రేపు ఎండ కాస్తాదని రాస్తే ఒకటి వస్తాది."

"వస్తుంది."

పలకను పంచె కొసతో తుడిచాడు. "పడమటి వరస తొమ్మిదో బండ మీద నాకు ఎప్పటినుంచో అనుమానమే," అన్నాడు. "కాకపోవచ్చు గూడా."

"ఆ రెండో మాట కూడా రాయి," అన్నాను.

తలుపు మూసిన 36వ రోజు

ఆ చెయ్యి ఎవరిదో తెలుసుకోవాలని ఊరంతా తహతహలాడుతోంది. ఎవరైనా సరే ముందుకొస్తే శాలువా కప్పుతామని పెద్దలు పలక మీద రాశారు. ఎవరూ రాలేదు. తర్వాత అందరూ నా మీద పడ్డారు.

"ఎవురో నీకు తెలుసు టీచరమ్మా," అంది సుగుణ, ఇప్పుడు నోటితో అడగడం కాస్త అలవాటైంది గనక. "తెల్దంటే మేం నమ్మం. తెలీకుండా పూచీ ఎట్ల పడతావు?"

"తెలిసుంటే పడేదాన్ని కాదేమో," అన్నాను.

అది నవ్వించడానికి అన్న మాట కాదు. ఈ ఊళ్ళో నేను మనిషిగా లెక్కపెట్టనివాళ్ళు నలభై మంది దాకా ఉన్నారు. పడమటి వరసలో హార్మోనియం వాయించే రంగస్వామి ఒకడు. వడ్డించేటప్పుడు నా పళ్ళెంలో పులుసు కావాలని ఒలకబోసే చెంచులక్ష్మి ఒకతె. ఇరవై ఏళ్ళుగా ఆమెతో నాకు మాటల్లేవు. చెంచులక్ష్మి రోజూ మధ్యాహ్నం బడిగది ఊడ్చేది. ఊడ్చేవాళ్ళ దగ్గర బూజు దులిపే పొడుగు గడ ఉంటుంది. రంగస్వామికి శ్రుతి తెలియదని అనుకున్నాను, కానీ మోత తెలుసేమో ఎవరు చూశారు? ఆ మాట కింద వాళ్ళ పేరుండి ఉంటే మొదటి వాక్యం దగ్గరే నేను చదవడం ఆపేసేదాన్ని. ఈ పుస్తకంలో రాయదగ్గది ఏదైనా ఉంటే ఇదే.

అడగను. నాకు తెలిసిన రోజు వాళ్ళు మళ్ళీ రాయరు.

కానీ దీనివల్ల ఒక చిక్కొచ్చిపడింది. ఎవరో తెలియనప్పుడు ఎవరినీ వదిలిపెట్టడానికి లేదు. ఈ పొద్దున చెంచులక్ష్మిని కుశలమడిగాను. ఆమె భయపడి గరిటె కింద పడేసింది. రంగస్వామితో సంగీతం బాగా సాగుతోందా అన్నాను, పాపం వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొత్తం నలభై మందిని నవ్వు మొహంతో పలకరించి ఇంటికొచ్చి పడ్డాను. బుగ్గలు నొప్పెడుతున్నాయి. వాటిలో ముప్పై తొమ్మిది పలకరింపులు శుద్ధ దండగ. ఏది దండగ కాదో తెలియదు గనక, రేపు కూడా నలభై మందినీ పలకరించాలి.